మృగశిర పక్కన మండుతున్న పసితార

మృగశిర కార్తె వచ్చిందంటే తెలుగునాట చేపల బజార్లలో అడుగు పెట్టడానికి చోటుండదు. ఎండలు కాస్త నెమ్మదించి, తొలకరి కోసం అందరూ పడమటి మబ్బు వంక చూసే రోజులవి. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరికి చేరిన కాలం. కాబట్టి ఆ పద్నాలుగు రోజులూ మృగశిర చుక్కలు పగటి వెలుగులో మునిగి ఉంటాయి. వాటితోపాటే మునిగిపోయే చుక్క ఇంకొకటుంది. మృగశిరకు రెండున్నర డిగ్రీల దూరంలో, చెయ్యి చాచి చూస్తే బొటనవేలి మందం కంటే కాస్త ఎడంగా ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. దాని పేరు ఎఫ్‌యూ ఓరియానిస్.

1936 వరకు ఆ చుక్కను పట్టించుకున్నవాళ్లు లేరు. 16వ మాగ్నిట్యూడ్‌లో ఎక్కడో అడుగున ఉండేది. 1936-37లో, ఏడాది కాలంలో, దాదాపు పదో మాగ్నిట్యూడ్‌కు ఎగబాకింది. మాగ్నిట్యూడ్‌ది తిరగేసిన లెక్క: అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది, అయిదు మెట్లకు నూరు రెట్లు. ఆరు మెట్లంటే సుమారు 250 రెట్లు. జర్మనీలో హాంబుర్గ్ వేధశాలకు చెందిన వాక్‌మన్ 1939లో దీన్ని లోకానికి తెలియజేశారు. నోవా రకం పేలుడైతే నెలల్లో ఆరిపోవాలి. ఇది తొంభై ఏళ్లు కావస్తున్నా ఆరలేదు. ఈ రాత్రి టెలిస్కోపు తిప్పినా పదో మాగ్నిట్యూడ్ చుట్టుపక్కలే కనిపిస్తుంది. ఆ వెలుగు అక్కడ బయల్దేరి సుమారు 1300 ఏళ్లు దాటింది. వేంగి చాళుక్యుల కాలానికి అటూఇటూగా అంటుకున్న మంటను మనం ఇప్పుడు చూస్తున్నాం.

నేను ఇక్కడ ఎత్తుకున్న ప్రశ్న ఇది: ఆకాశాన్నంతా యంత్రాలు రాత్రికి రాత్రే ఫొటో తీసేస్తున్న ఈ రోజుల్లో, ఇలా భగ్గుమనే పసితారల్ని డాబా మీద నుంచి చూసే ఔత్సాహికుల వల్ల శాస్త్రానికి ఒరిగేదేమైనా ఉందా? ఉందనే నా అభిప్రాయం. అయితే ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది కచ్చితంగా చెప్పుకోవాలి. "ఎవరైనా శాస్త్రవేత్త కావచ్చు" లాంటి మాటలతో ఈ పనికి మేలు జరగదు.

ముందు ఆ మంట సంగతి. పుట్టే నక్షత్రం చుట్టూ వాయువు, ధూళి కలిసి ఒక పళ్లెంలా తిరుగుతుంటాయి. ఆ పళ్లెంలోంచి పదార్థం లోపలికి జారి నక్షత్రం మీద పడుతుంది. అలా పడ్డప్పుడల్లా వెలుగు పుడుతుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, సూర్యుడంత నక్షత్రం తనకున్న కొద్ది లక్షల ఏళ్ల బాల్యంలో ఒకే ధారగా పదార్థాన్ని మింగితే ఎంత వెలుగు రావాలో లెక్క కట్టి చూశారు. నిజంగా కొలిస్తే పసితారల్లో చాలావాటికి అంత వెలుగు లేదు. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు దీని సమాధానం తేలిగ్గా తడుతుంది. కాలవలో నీరు ఎప్పుడూ ఒకేలా పారదు. లాకుల వెనక నిలబడుతుంది, తలుపులెత్తితే ఒక్కసారిగా ఉరుకుతుంది. పసితార పళ్లెంలోనూ పదార్థం పోగుపడి, ఏదో ఒక కారణంతో తలుపు తెరుచుకుని లోపలికి దూకుతుంది. ఎఫ్‌యూ ఓరియానిస్ మింగుతున్నది కొన్ని లెక్కల ప్రకారం ఏడాదికి సూర్యుడి బరువులో పదివేలో వంతు. అంటే ఏటా ముప్పైకి పైగా భూగోళాలు.

తలుపు తెరిచేదెవరన్న దానికి ఇంకా ఒక్క జవాబు లేదు. పళ్లెం తన బరువుకు తానే ముద్దలు కట్టడమా, అయస్కాంత క్షేత్రాల అలజడా, పక్కనున్న జంటతార లాగడమా? ఎఫ్‌యూ ఓరియానిస్‌కు ఒక జంటతార ఉందని 2004లో బయటపడింది. దాంతో మూడో ఊహకు కొంత బలం వచ్చింది, తీర్పు మాత్రం రాలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన ఆధారం గాయా17బీపీఐ అనే చుక్కది. అక్కడ పరారుణ కాంతి ముందు పెరిగి, కంటికి కనిపించే వెలుగు ఏడాదికి పైగా గడిచాక పెరిగింది. పళ్లెంలో అలజడి బయటి వైపున మొదలై లోపలికి నడిచిందన్నమాట. ఇలాంటిది తెలియాలంటే మంట అంటుకున్నాక చూస్తే లాభం లేదు, అంటుకోకముందు నుంచీ ఆ చుక్క చరిత్ర రాసి ఉండాలి. పాత రికార్డు విలువ ఇక్కడే ఉంది.

1977లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ హెర్బిగ్ ఎఫ్‌యూ ఓరియానిస్ లాంటి తారల కుటుంబాన్ని ఒక చోట చేర్చి వివరించారు. వీ1057 సిగ్ని అనే చుక్క కథ అందులో ముఖ్యం: 1969లో భగ్గుమన్న ఆ తార వర్ణపటాన్ని అంతకు పదేళ్లకు పైగా ముందే తీసి ఉంచారు. అది మామూలు టీ టారి రకం పసితార అని ఆ పాత రికార్డే సాక్ష్యం చెప్పింది. ఈ కుటుంబంలోవి దశాబ్దాలు మండే రకం. నెలల్లో లేచి పడిపోయేది రెండో రకం. వాటికి పెద్దదిక్కు ఈఎక్స్ లూపై.

ఔత్సాహికుల విలువను ఎవరైనా సందేహిస్తే నేను ముందు ఈఎక్స్ లూపై కథే చెబుతాను. అనూరాధకు సూటిగా దక్షిణాన, వృశ్చికం పక్కన ఉంటుంది. మామూలుగా 13వ మాగ్నిట్యూడ్ దరిదాపుల్లో ఉంటుంది. 1955-56లో ఒకసారి పెద్దగా మండింది. 2008 జనవరిలో, ఇంకా తెల్లవారుజామున మాత్రమే పైకి వస్తున్న ఆ చుక్క బాగా వెలిగిందని న్యూజిలాండ్ నుంచి ఆల్బర్ట్ జోన్స్ కబురు పంపారు. ఆయన వృత్తి ఖగోళ శాస్త్రజ్ఞుడు కారు. అప్పటికి ఎనభై ఏడేళ్ల మనిషి. జీవితమంతా కంటితోనే చరతారల్ని, అంటే వెలుగు మారుతుండే తారల్ని, అంచనా కట్టి అయిదు లక్షలకు పైగా పరిశీలనలు రాసిపెట్టారు. ఆ చుక్క ఎనిమిదో మాగ్నిట్యూడ్ దాకా వచ్చింది. ఆ కబురు అందుకుని ఏప్రిల్‌లో స్పిట్జర్ పరారుణ టెలిస్కోపును అటు తిప్పారు. పళ్లెం మీది ధూళిలో ఫోర్స్‌టెరైట్ అనే స్ఫటికాలు కనిపించాయి. మంటకు ముందు తీసిన వర్ణపటంలో అవి లేవు. గాజులా ఆకారం లేని సిలికేట్ ధూళి, మంట వేడికి కాగి, కళ్లముందే స్ఫటికమైంది.

దీని గొప్పతనం ఏమిటంటే, మన తోకచుక్కల్లో ఆ స్ఫటికాలే ఉన్నాయి. తోకచుక్కలు పుట్టేది గడ్డకట్టే చలిలో. స్ఫటికం కావాలంటే కొలిమంత వేడి కావాలి. రెండూ ఒకచోట ఎలా కలిశాయన్నది పాత పజిల్. మన సూర్యుడు కూడా పసితనంలో ఇలాగే మండి ఉంటాడన్న ఊహకు ఈఎక్స్ లూపై ఒక ఆధారమైంది. బుడాపెస్ట్ కొంకోలీ వేధశాలకు చెందిన పీటర్ ఆబ్రహాం బృందం 2009లో నేచర్ పత్రికలో దీన్ని ప్రకటించింది. బుడాపెస్ట్ నుంచి చూస్తే ఆ చుక్క దిగంతం మీద రెండు డిగ్రీలకు మించి లేవదు. తమ ఊరి నుంచి సరిగా చూడలేని చుక్క గురించి వాళ్లు అంత పని చేయగలిగారంటే, కబురు పంపిన మనిషి ఒకరు సరైన చోట ఉండబట్టే.

రెండో కథ 2004ది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో జే మెక్‌నీల్ అనే ఔత్సాహికుడు జనవరి 23 రాత్రి తన పెరట్లోంచి మూడు అంగుళాల చిన్న టెలిస్కోపుతో మృగశిర ప్రాంతంలోనే ఉన్న ఎం78 నీహారికను ఫొటో తీశారు. అందులో పటాల్లో లేని ఒక వెలుగు తునక కనిపించింది. పరిశీలిస్తే అదొక పసితార మంట, చుట్టూ ఉన్న ధూళి మీద పడ్డ వెలుగు. ఇప్పుడు దాని పేరు మెక్‌నీల్ నీహారిక, లోపలున్న తార వీ1647 ఓరియానిస్. ఆ కబురుతో పెద్ద టెలిస్కోపులు అటు తిరిగాయి. చంద్ర ఎక్స్-రే వేధశాల అక్కడ ఎక్స్-కిరణాలు కూడా పెరిగాయని పట్టుకుంది. తర్వాత వెతికితే 1966 నాటి ఒక పాత ఫొటోలో అదే తునక మళ్లీ దొరికింది. మన దేశంలోనూ దీని మీద గట్టి పని జరిగింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన దేవేంద్ర ఓఝా, ఆయన సహచరులు లడఖ్‌లోని హాన్లేలో ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో ఆ తార ఆరడాన్ని, 2008లో మళ్లీ మండడాన్ని ఏళ్ల తరబడి వెంటాడారు. 2010లో వీ2492 సిగ్నిని పట్టింది జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి. పాత ఫొటో పలకల్ని పోల్చి వీ733 సెఫై మంటను బయటపెట్టింది స్వీడన్‌కు చెందిన రోజర్ పెర్సన్.

ఇప్పుడు ఎదుటి వాదన. అది బలమైనదే. జ్వికీ సర్వే, ఆసాసిన్ వంటి యంత్రాలు రాత్రుళ్లు ఆకాశాన్ని తుడిచేస్తున్నాయి. గాయా ఉపగ్రహం 2025 జనవరిలో పని ఆపేలోగా ఎన్నో పసితార మంటల్ని పట్టింది. చిలీలో 8.4 మీటర్ల రూబిన్ టెలిస్కోపు పని మొదలెట్టింది. కొత్త మంటను మొట్టమొదట చూసే పోటీలో మనిషి ఇక గెలవడం అరుదు. మెక్‌నీల్ లాంటి అదృష్టాన్ని ఎర చూపి పిల్లల్ని ఈ పనికి పిలవడం నాకు సమ్మతం కాదు.

కానీ ఆ యంత్రాలన్నీ మసక చుక్కల కోసం కట్టినవి. వెలుగైన చుక్క వాటికి కన్ను చెదరగొట్టే దీపం. జ్వికీ కెమెరాకు పన్నెండున్నర మాగ్నిట్యూడ్ దాటితే, రూబిన్‌కు సుమారు 16 దాటితే, చుక్క తెల్లటి మరకైపోతుంది. అంటే లోకంలోకెల్లా బాగా అధ్యయనం చేసిన ఎఫ్‌యూ ఓరియానిస్‌నే రూబిన్ కొలవలేదు. 2008లో ఈఎక్స్ లూపై ఎక్కిన శిఖరాన్ని కూడా కొలవలేకపోయేది. మండే పసితార సరిగ్గా ఆసక్తికరమైన వేళకే యంత్రం చేతిలోంచి జారిపోయి చిన్న టెలిస్కోపు చేతిలోకి వస్తుంది. ఇదీ నా వాదనకు మూలం.

ఇంకొకటి, జోడీ పని. హబుల్ లాంటి టెలిస్కోపుకు ఒక చుక్క మీద దక్కేది కొద్ది గంటలు. ఆ గంటల్లో తార పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా ఉందా అన్నది ముందూ వెనకా వారాల కొలతలుంటేనే తెలుస్తుంది. 1911లో పుట్టిన అమెరికా చరతార పరిశీలకుల సంఘం, అందరూ ఆవ్సో అని పిలిచేది, ఈ పనికే ప్రపంచమంతటి పరిశీలకులకు పిలుపులిస్తుంటుంది. 2024లో హబుల్ అతినీలలోహిత కాంతిలో ఎఫ్‌యూ ఓరియానిస్‌ను చూసి, పళ్లెం నక్షత్రాన్ని తాకే చోట వేడి సుమారు 16,000 కెల్విన్లని తేల్చింది. ఊహించినదానికంటే ఎంతో ఎక్కువ. ఇంగ్లండ్‌లోని కెంట్ విశ్వవిద్యాలయంలో డిర్క్ ఫ్రోబ్రిక్ 2014 నుంచి నడుపుతున్న హోయ్స్ ప్రాజెక్టు ఇంకో మెట్టు ఎక్కింది. పసితారల గుంపుల్ని ఫొటో తీసి పంపమని ఔత్సాహికుల్నే అడుగుతుంది. రకరకాల టెలిస్కోపులు, రకరకాల కెమెరాలు; అన్నిటినీ ఒక కొలబద్దకు తెచ్చే పని వాళ్లది.

కన్నుతో కొలవడం ఎలాగో ఒకసారి దగ్గరగా చూద్దాం. సంఘం ఇచ్చే పటంలో చరతార చుట్టూ మారని తారల పక్కన 92, 98 అని అంకెలుంటాయి. 9.2, 9.8 అని చదువుకోవాలి. దశాంశ బిందువు పెడితే దాన్ని తార అనుకుంటారని తీసేశారు. మన చుక్క 92 కంటే కాస్త మసక, 98 కంటే బాగా వెలుగు అనిపిస్తే 94 అని రాస్తాం. ఎర్రటి చుక్కను కళ్లప్పగించి చూడకూడదు, చూసేకొద్దీ వెలుగు పెరిగినట్టు అనిపిస్తుంది. చటుక్కున చూసి చూపు తిప్పుకోవాలి. ఎంత చేయి తిరిగినా మెట్టులో అయిదో వంతు తప్పు మామూలే. అయిదు మెట్లు ఎగిరే ఈఎక్స్ లూపైకి ఆ తప్పు లెక్కలోది కాదు. మెట్టులో నూరో వంతు లెక్కన వణికే ఎఫ్‌యూ ఓరియానిస్‌కు మాత్రం కన్ను చాలదు, ఫిల్టర్ పెట్టిన కెమెరా కావాలి. ఎం78లోని పసితార శిఖరం కూడా చిన్న టెలిస్కోపులో కంటికి అందనంత మసక. కన్నుకు ఈఎక్స్ లూపై, కెమెరాకు ఎఫ్‌యూ ఓరియానిస్: నేనైతే పని ఇలా పంచుతాను.

ఈ విద్య మన నేలకు కొత్త కాదు. మా కాకినాడకు ఎగువన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9 నాటి శుక్రగ్రహ సంక్రమణాన్ని అక్కడి నుంచే చూసి లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు రాశారు. 1867లో మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి ఆర్ రెటిక్యులై అనే చరతారను కనుగొన్నారు. హైదరాబాద్‌లో నవాబ్ జాఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో మొదలెట్టిన వేధశాలే 1908లో ప్రభుత్వం చేతికొచ్చి నిజామియా అయింది.

నా మనసుకు దగ్గరైన కథ మాత్రం ఒక ఇత్తడి గొట్టానిది. బెంగాల్‌లోని జెస్సోర్‌లో ట్రెజరీ గుమాస్తా రాధాగోవింద చంద్ర. మూడు అంగుళాల టెలిస్కోపు కొనుక్కుని, 1918లో అక్విలాలో వెలిగిన నోవాను తనంత తానుగా చూశారు. ఆ పరిశీలనే ఆయన్ను ఆవ్సోకు చేర్చింది. 1926లో ఆ సంఘం సముద్రాలు దాటించి ఆరు అంగుళాల టెలిస్కోపు ఆయనకు అరువిచ్చింది. 1919 నుంచి 1954 వరకు ఆయన పంపిన అంచనాలు 37,215. ఆయన విరమించుకున్నాక ఆ టెలిస్కోపు చేరింది వేణు బప్పు చేతికి. బప్పు పెరిగింది హైదరాబాద్‌లో. తండ్రి పని చేసింది నిజామియాలో. చరతారల్ని కంటితో చూసేటప్పుడు రంగు ఎలా మోసగిస్తుందో నిజాం కాలేజీ విద్యార్థిగా ఉండగానే, 1946లో, ఆయన వ్యాసం రాశారు. గుమాస్తా డాబా మీది గొట్టం దేశపు ఖగోళ శాస్త్రానికి పెద్దదిక్కైన మనిషి దగ్గరికి నడిచొచ్చింది. ఔత్సాహికుడికీ, వృత్తి నిపుణుడికీ మధ్య గీత అప్పట్లో అంత పలచన.

ఆ దారం ఇప్పుడు మన దగ్గర సన్నబడింది. పరిశీలకులు ఎక్కువగా ఉన్నది అమెరికా, యూరప్, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో. కాకినాడ అక్షాంశం 17 డిగ్రీలు. ఈఎక్స్ లూపై ఇక్కడ 33 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. లండన్‌లో అసలు ఉదయించదు. ఉత్తరాన ఉండే వీ1057 సిగ్ని న్యూజిలాండ్ నెల్సన్ నుంచి అయిదు డిగ్రీలకు మించి లేవదు. మనకు బాగా ఎత్తుకు వస్తుంది. ఎఫ్‌యూ ఓరియానిస్ దాదాపు నడినెత్తే. మూడింటినీ ఒకే డాబా మీద నుంచి చూడగల చోట్లు మరీ ఎక్కువ లేవు.

కాలమానంలోనూ మనకొక వరం ఉంది. దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ అన్నవరం, తుని మధ్యగా పోతుంది. కాకినాడలో సూర్యుడి సగటు కాలానికీ మన గడియారానికీ తేడా ఒక్క నిమిషం. చరతారల లెక్కలు రాసేది జూలియన్ రోజుల్లో, అంటే వరసగా లెక్కపెట్టే రోజుల అంకెల్లో. ఆ రోజు గ్రీనిచ్ మధ్యాహ్నానికి మారుతుంది, అంటే మనకు సాయంత్రం అయిదున్నరకు. జపాన్ వాళ్లకు రాత్రి తొమ్మిదికి తేదీ అంకె మారిపోతుంది, న్యూజిలాండ్‌లో నడిరాత్రికి. మనకు మునిమాపు నుంచి తెల్లవారే దాకా ఒకే అంకె. నేను మొదట్లో అయిదున్నర గంటలు తీసేయడం మరిచి తప్పు రాశాను. అప్పటి నుంచి నోటుపుస్తకం అట్ట మీదే ఆ లెక్క రాసుకున్నాను.

కష్టాలూ తక్కువేం కాదు. ఓడరేవు దీపాలు, రొయ్యల చెరువుల దీపాలు ఆకాశం అంచును తెల్లబరుస్తాయి. ఉప్పుగాలి అద్దం పూతను తినేస్తుంది. ప్రతి రాత్రీ మూత బిగించి, గొట్టం మీద గుడ్డ కప్పాల్సిందే. జనవరిలో రాత్రి రెండు దాటితే కటకం మీద మంచు పట్టి చుక్కలు పత్తి పింజల్లా అవుతాయి. చేత్తో తుడవకూడదు, వెచ్చటి గాలి తగిలేలా చేసి ఆరనివ్వాలి. జూన్ నుంచి నవంబరు దాకా ముందు నైరుతి మబ్బులు, ఆ వెనక తుపానులు. కానీ ఎఫ్‌యూ ఓరియానిస్ నడినెత్తికి వచ్చేది డిసెంబరు, జనవరిల్లో, మన ఆకాశం కడిగినట్టుండే రోజుల్లోనే. మార్గశిర పౌర్ణమికి చంద్రుడు దాని పక్కకే వచ్చి కూర్చుంటాడు, ఆ నాలుగు రోజులు వదిలేయాలి. ఈఎక్స్ లూపైని ఫిబ్రవరి నుంచి మే వరకు పట్టుకోవచ్చు.

కాకినాడలో పిఠాపురం రాజా కాలేజీ ఉంది, జేఎన్‌టీయూ ఉంది, భౌతిక శాస్త్రం చదివే పిల్లలున్నారు. ఒక ఆరు అంగుళాల టెలిస్కోపు, ఒక కెమెరా, ఒక డాబా, వరసగా పదేళ్లు నిలిచే ఒక నోటుపుస్తకం చాలు. మొదటి ఏడాది కొలతలకు విలువ తక్కువే, పదో ఏడాదికి వాటిని ఇంకెవరూ తిరిగి సంపాదించలేరు. మంట రాని రాత్రి కూడా రాయాలి. ఈఎక్స్ లూపై ఇవాళ 13, నిన్నలాగే ఉంది అన్న వాక్యం కూడా పరిశీలనే. ఆ తార 2022లో మరోసారి, కొంత చిన్నగా, మండింది. తర్వాతి మంట ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఫిబ్రవరి తెల్లవారుజామున నాలుగింటికి అనూరాధ కింద దక్షిణ దిక్కు చూడండి. ఆ వేళకు అది పైకి వచ్చి ఉంటుంది.